మా ఏరియా పరిశ్రమల సంఘం మెంబర్‌షిప్: కట్టిన చందాకి పని జరుగుతోందా?

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వైపు కొత్తగా యూనిట్ పెట్టినవాళ్లు టీ దగ్గర కలిసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు. అసోసియేషన్‌లో చేరమని మనిషి వచ్చి ఫారం ఇచ్చి వెళ్లాడు, చేరితే మనకేం లాభం, ప్రభుత్వంతో మాట్లాడతామంటున్నారు, నిజంగా మాట్లాడతారా అని. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను. నాది మెషినింగ్ జాబ్‌వర్క్ యూనిట్ (వేరే కంపెనీల ఆర్డర్ మీద లోహపు పార్టులు కోసి ఇచ్చేది), 20 మందికి లోపే వర్కర్లు, పంపుల కంపెనీలకీ ఫార్మా మెషినరీ చేసేవాళ్లకీ పార్టులు చేసిస్తాం. సంఘం పేరు రాయను. ఇందులో చెప్పిన మంచీ చెడూ మన దగ్గర చాలా సంఘాలకి వర్తిస్తాయి, పేరు పెడితే చర్చంతా ఆ పేరు చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా నా మాట: చేరండి. కరెంటు విషయంలో, బాకీల వసూలు విషయంలో వీళ్లు చేసే పని మనం ఒంటరిగా చేసుకోలేం. వర్కర్ల విషయంలో, స్కిల్ విషయంలో మాత్రం ఈ సేవ చాలా వెనకబడి ఉంది. అక్కడ నేను సగం మార్కులు కూడా వేయలేను.

చందా టర్నోవర్ స్లాబుని బట్టి ఉంటుంది, మనలాంటి మైక్రో యూనిట్లకి ఏడాదికి కొన్ని వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అది ఇన్‌పుట్ క్రెడిట్‌లో తీసుకోవచ్చు కాబట్టి పెద్ద భారం కాదు. మెషీన్‌లో లోహాన్ని కోసే ఇన్సర్ట్‌ల మంచి బాక్స్ ఒకటి కన్నా తక్కువే. డబ్బు సంగతి ఇంతే.

కరెంటు దగ్గర కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే సంఘం అసలు విలువ నాకు కనబడింది అక్కడే. డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ కంపెనీలు, ప్రతి ఏటా నవంబరు నెలాఖరుకల్లా రాబోయే ఏడాది ఆదాయ అవసరాల నివేదికని విద్యుత్ నియంత్రణ మండలికి (కమిషన్ అనేది దీన్నే) ఇవ్వాలి. దాన్నే అందరూ ఏఆర్ఆర్ అంటారు. వందల పేజీల లెక్కలు. దాన్ని పబ్లిక్‌లో పెడతారు, ఎవరైనా రాతపూర్వకంగా అభ్యంతరాలు చెప్పుకోవచ్చు, 2003 విద్యుత్ చట్టం ఆ హక్కు ఇచ్చింది. తర్వాత బహిరంగ విచారణ. హక్కయితే ఉంది కానీ, పొద్దున ఎనిమిదింటికి మెషీన్ ఆన్ చేసి రాత్రి దాకా డెలివరీల టెన్షన్‌లో ఉండే మనిషి ఆ వందల పేజీలు ఎప్పుడు చదువుతాడు? మా సంఘంలో రిటైరైన విద్యుత్ శాఖ ఇంజినీర్ ఒకాయన కన్సల్టెంట్‌గా ఉన్నారు, ఆయన చదువుతారు. అభ్యంతరాల డ్రాఫ్ట్ తయారు చేసి గ్రూపులో పెడతారు, మన బిల్లులు అడుగుతారు, విచారణ రోజున వెళ్లి పిలిచినప్పుడు లేచి మాట్లాడతారు. నేను కూడా ఒకసారి వెళ్లి కూర్చున్నాను. హాల్లో రైతు సంఘాల వాళ్లు, కాలనీల వాళ్లు, స్టీల్ ప్లాంట్ల వాళ్లు, రైల్వే తరఫున వచ్చినవాళ్లు, అందరూ కాగితాలు పట్టుకుని తమ వంతు కోసం ఎదురుచూస్తుంటారు. ఒక్కొక్కరికి దొరికేది కొన్ని నిమిషాలు. మా కన్సల్టెంట్ ఆ కొద్ది నిమిషాల్లో ఉపోద్ఘాతం ఏమీ లేకుండా నేరుగా హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ కనెక్షన్) డిమాండ్ ఛార్జీల దగ్గరికి వెళ్లారు. కాంట్రాక్ట్ డిమాండ్‌లో (కనెక్షన్‌కి ఒప్పుకున్న లోడులో) 80 శాతానికి బిల్లు కట్టాల్సిందే అన్న రూలు ఆర్డర్లు లేని నెలల్లో చిన్న యూనిట్‌ని ఎలా ముంచుతుందో ఒక సభ్యుడి బిల్లు చేతిలో పట్టుకుని చెప్పారు. 100 కేవీఏ తీసుకున్నవాడు ఆ నెల 40 వాడినా 80కే కడతాడు. వేదిక మీద ఉన్నవాళ్లు రాసుకున్నారు, డిస్కం వాళ్లు రాతపూర్వకంగా జవాబిచ్చారు. రూలు మారలేదు. కానీ మన మాట రికార్డులోకి ఎక్కింది, ఉత్తర్వు రాసేటప్పుడు ఆ అభ్యంతరాన్ని ప్రస్తావించి కమిషన్ ఏం అనుకుందో చెప్పాలి. నా లెక్కలో అది చిన్న విషయం కాదు.

ఈ విచారణల్లో ఫలితం రాదనుకోవడం పొరపాటు. 2024లో తెలంగాణ డిస్కంలు 33 కేవీ, 132 కేవీ మీద ఉన్న పరిశ్రమలకి కూడా 11 కేవీ రేటే వేస్తామని ప్రతిపాదించాయి. ఎక్కువ వోల్టేజీ మీద కరెంటు తీసుకునేవాళ్లు సొంత ఖర్చుతో సబ్‌స్టేషన్ పెట్టుకుంటారు, లైన్ నష్టాలు కూడా తక్కువ, అందుకే వాళ్లకి రేటు తగ్గించి ఇస్తారు. ఆ తేడా తీసేస్తామంటే పరిశ్రమల సంఘాలన్నీ అభ్యంతరాలు వేశాయి. అక్టోబరులో వచ్చిన ఉత్తర్వులో కమిషన్ ఆ ప్రతిపాదనని ఒప్పుకోలేదు. ఒక్క సంఘం వల్ల జరిగిందని నేను అనను, అందరూ కలిసి లెక్కలతో వెళ్తే ఏం జరుగుతుందో చూపించిన సందర్భం అది.

ఇక్కడే ఒక అసంతృప్తి ఉంది. నాది ఎల్‌టీ కనెక్షన్, అంటే తక్కువ వోల్టేజీది. మా ఏరియాలో సభ్యుల్లో ఎక్కువమందిది ఎల్‌టీనే. కానీ డ్రాఫ్ట్ తెరిచి చూస్తే హెచ్‌టీకి పేజీలకి పేజీలు, ఎల్‌టీ పరిశ్రమకి ఒక పేరా. కార్యవర్గంలో ఉన్నవాళ్ల యూనిట్లు పెద్దవి, వాళ్ల బాధే ముందు కనబడుతుంది. కావాలని చేశారని నేను అనుకోను. కానీ మనం బిల్లులు పట్టుకెళ్లి ఇవ్వకపోతే ఆ పేరా పేరాగానే ఉంటుంది. నేను మా బిల్లుల్లో ఫిక్స్‌డ్ ఛార్జీలు ఎలా పెరిగాయో టేబుల్ వేసి ఇచ్చాక ఆ పేరా కాస్త పెద్దదైంది.

రెండోది బాకీలు. చిన్న పరిశ్రమ చచ్చిపోయేది ఆర్డర్లు లేక కాదు, చేసిన పనికి డబ్బు రాక. సరుకు ఇచ్చిన గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం చెబుతోంది. ఆలస్యమైతే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ బాకీల కేసులు వినడానికి రాష్ట్రంలో ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది, 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో కేసు వేసే వీలుంది, 90 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, తీర్పు మనకి అనుకూలంగా వస్తే కొన్నవాడు అప్పీలుకి పోవాలన్నా 75 శాతం డిపాజిట్ కట్టాలి. ఇంత మంచి చట్టం ఉండీ మనవాళ్లు కేసు వేయరు, వేస్తే మళ్లీ ఆర్డర్ ఇవ్వడేమోనని భయం. ఈ భయానికి సంఘం దగ్గర ఒక మందు ఉంది: మన పేరుతో కేసు వేసే ముందు సంఘం లెటర్‌హెడ్ మీద ఆ కంపెనీకి ఒక ఉత్తరం వెళ్తుంది, సభ్యులకి రావాల్సిన బాకీలు అని నలుగురి బాకీలు కలిపి రాస్తారు. నాకు రావాల్సిన ఒక పాత బాకీ ఆ ఉత్తరం వెళ్లాక రెండు వాయిదాల్లో వచ్చింది. కేసు దాకా పోలేదు. ఈ ఒక్క పనితోనే కొన్నేళ్ల చందా తిరిగొచ్చేసింది నాకు.

కేసు దాకా వెళ్లాల్సి వస్తే కాగితాలు సరిచూసే మనిషి కూడా ఉన్నాడు అక్కడ, పీవో (కొనుగోలు ఆర్డర్), ఇన్‌వాయిస్, సంతకం ఉన్న డెలివరీ చలాన్, ఉద్యం (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) సర్టిఫికెట్ వరసగా పెట్టిస్తాడు. ఉద్యం రిజిస్ట్రేషన్ సరుకు ఇచ్చే నాటికే ఉండటం క్షేమం, తర్వాత రిజిస్ట్రేషన్ తీసుకుని పాత బిల్లుల మీద వడ్డీ అడిగితే 2021లో సుప్రీంకోర్టు సిల్పి ఇండస్ట్రీస్ కేసులో కుదరదని చెప్పింది. ఇది తెలియక కేసు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కొత్తగా యూనిట్ పెట్టినవాళ్లు మొదటి ఇన్‌వాయిస్ కొట్టకముందే ఉద్యం తీసుకోండి, డబ్బులేం అడగరు, ఆన్‌లైన్‌లో అయిపోతుంది.

ఇదే బాకీల విషయంలో సంఘం నోరు పెగలని సందర్భం కూడా చూశాను, దాన్ని దాచడం న్యాయం కాదు. 2023 బడ్జెట్‌లో ఆదాయపు పన్ను చట్టంలోకి 43బీ(హెచ్) తెచ్చారు. మైక్రో, స్మాల్ యూనిట్లకి గడువులోగా డబ్బు ఇవ్వకపోతే కొన్నవాడు ఆ ఖర్చుని ఆ ఏడాది లెక్కలో చూపించుకోలేడు, డబ్బు ఇచ్చిన ఏడాదే చూపించుకోవాలి. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15. 2024 మార్చి వచ్చేసరికి దేశమంతా గగ్గోలు, వ్యాపార సంఘాలు వాయిదా వేయమన్నాయి, పెద్ద కొనుగోలుదారులు చిన్నవాళ్లని వదిలేసి మీడియం యూనిట్లకి ఆర్డర్లు ఇస్తారని కొందరు భయపెట్టారు. మా సంఘం ఏం అడిగిందో తెలుసా? ఏమీ అడగలేదు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఇద్దరూ సభ్యులే. మాలాంటి జాబ్‌వర్క్ వాళ్లం ఈ రూలు ఉండాల్సిందే అన్నాం, మా దగ్గర పని చేయించుకునే పెద్ద సభ్యులు వద్దన్నారు, చివరికి సర్క్యులర్‌లో సెక్షన్ వివరాలు మాత్రం పంపి ఊరుకున్నారు. ఒకే గొడుగు కింద అందరూ ఉన్న సంఘంలో ఇలాంటిది తప్పదంటారు. నేను ఒప్పుకోను. సభ్యుల్లో ఎక్కువమంది చిన్నవాళ్లైనప్పుడు ఓటింగ్ పెట్టి, ఎంతమంది ఎటున్నారో రాసి పంపొచ్చు. కనీసం ప్రభుత్వానికి తెలుస్తుంది చిన్నవాడు ఏం కోరుకుంటున్నాడో.

ఇక వర్కర్ల సంగతి. నాకు ఎక్కువ కోపం వచ్చేది ఇక్కడే.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. సంఘం దాని మీద పంపిన సర్క్యులర్ నిజంగా బాగుంది, మా ఆడిటర్ చెప్పినదానికన్నా స్పష్టంగా ఉంది: జీతంలో కనీసం సగం వేతనం నిర్వచనంలోకి రావాలి, అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, ఫిక్స్‌డ్ టర్మ్ మీద తీసుకున్నవాళ్లకి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ, కరెంటు వాడే చోట ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి 10 మంది కాస్తా 20 అయ్యింది. సభ కూడా పెట్టారు, ఒక లేబర్ లాయర్ వచ్చి రెండు గంటలు ఓపిగ్గా ప్రశ్నలకి జవాబిచ్చారు. ఇందులో వంక పెట్టేదేం లేదు. కానీ ఆ తర్వాత ప్రభుత్వానికి ఇచ్చిన వినతిపత్రం చదివితే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకటే పాట: మినహాయింపులు, గడువులు, సడలింపులు. మన దగ్గర పనిచేసేవాడికి ఏదైనా దొరికితే మనకీ లాభమే అన్న ఆలోచన ఆ కాగితంలో ఎక్కడా కనబడదు.

ఈఎస్ఐ సంగతే తీసుకోండి. 10 మంది, అంతకు పైన వర్కర్లు ఉంటే ఈఎస్ఐ (వర్కర్లకీ వాళ్ల కుటుంబాలకీ వైద్య బీమా) కట్టాలి, యజమాని వాటా 3.25 శాతం, వర్కర్‌ది 0.75. జీతం 21,000 దాటితే వాడు ఈఎస్ఐ నుంచి బయటికి వెళ్లిపోతాడు. ఈ 21,000 పరిమితి పెట్టింది 2017 జనవరిలో. అప్పటికీ ఇప్పటికీ హెల్పర్ జీతం ఎంత పెరిగిందో, గది అద్దె ఎంత పెరిగిందో మనకి తెలుసు. ప్రోగ్రామ్ చేయడం వచ్చిన వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషీన్) ఆపరేటర్ ఈరోజు 21,000కి దొరకడు, ఉన్నవాడికి పెంచాలనుకుంటే పరిమితి అడ్డం. మా దగ్గర ఒకబ్బాయికి జీతం పెంచుతున్నానని చెబితే సంతోషపడాల్సింది పోయి, మెషీన్ ఆపి వచ్చి, "సార్, పెంచితే ఈఎస్ఐ ఉంటదా?" అని అడిగాడు. ఉండదు, ఇప్పుడు నడుస్తున్న కంట్రిబ్యూషన్ పీరియడ్ (చందా లెక్కేసే అర్ధ సంవత్సరం) అయిపోయేదాకా నడుస్తుంది, ఆ తర్వాత ఆగిపోతుందని చెప్పాను. "అమ్మకు డయాలసిస్ ఆ కార్డు మీదనే అయితుంది సార్, అయితే వద్దు" అన్నాడు. బయట ఇన్సూరెన్స్ తీసుకుందామంటే అప్పటికే ఉన్న జబ్బుకి వెయిటింగ్ పీరియడ్ అంటారు. మంచి పనిమంతుడు జీతం పెంపు వద్దనుకోవాల్సిన పరిస్థితి అది. ఈ పరిమితి పెంచమని కార్మిక సంఘాలు ఎప్పటి నుంచో అడుగుతున్నాయి. యజమానుల సంఘం కూడా అడిగితే ఆ మాటకి బరువు ఎంత పెరుగుతుంది! మన 3.25 శాతం భారం కాస్త పెరుగుతుంది, నిజమే, కానీ పనిమంతుడు నిలబడతాడు, ఆసుపత్రి ఖర్చుకి అడ్వాన్స్ అడగడం తగ్గుతుంది. నేను ఈ విషయం మీటింగ్‌లో ఎత్తితే ఒక పెద్ద సభ్యుడు, మన ఖర్చు మనమే పెంచమని అడుగుతామా అన్నారు. అంతటితో అజెండాలోంచి పోయింది.

స్కిల్ విషయం కూడా అంతే, అవకాశం చేతిలో ఉండి వదిలేసుకున్నారు. బాలానగర్‌లో 1968 నుంచి సీఐటీడీ ఉంది, టూల్ డిజైన్‌లో దేశంలోనే పేరున్న సంస్థ, అక్కడ చదివిన పిల్లలు మాలాంటి చిన్న షాపులకి రారు, మంచి కంపెనీలకి వెళ్తారు, వెళ్లనివ్వండి. మాకు కావాల్సింది ఐటీఐ నుంచి వచ్చే పిల్లాడు వెర్నియర్, మైక్రోమీటర్ తప్పు లేకుండా చదవగలగడం, డ్రాయింగ్‌లో టాలరెన్స్ అర్థం చేసుకోవడం, ఫానుక్ కంట్రోల్ (మెషీన్‌ని నడిపే కంప్యూటర్ ప్యానెల్) ముందు నిలబడి భయపడకుండా ఆఫ్‌సెట్ (టూల్ కొలత సవరణ) మార్చగలగడం. తెలంగాణ ప్రభుత్వం 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలని అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది, 2,324 కోట్ల రూపాయల ప్రాజెక్టు. ఆ సెంటర్లలో ఏ మెషీన్ మీద ఎన్ని గంటలు ప్రాక్టీస్ ఉండాలి, మన యూనిట్లలో ఏ కంట్రోల్స్ ఎక్కువ వాడుతున్నాం అని చెప్పాల్సింది ఎవరు? మనమే. సంఘం ఒక గూగుల్ ఫారం పంపింది, నింపినవాళ్లు చాలా కొద్దిమంది, దాంతో ఫైలు మూసేశారు. ఇందులో తప్పు కార్యవర్గానిది ఎంతో సభ్యులది అంతే. మనుషులు దొరకట్లేదని రోజూ గొంతు చించుకునే మనం పది ప్రశ్నల ఫారం నింపలేకపోయాం.

అప్రెంటిస్‌ల విషయంలో మాత్రం ఆఫీసు కుర్రాడు బాగా సాయం చేస్తాడు. 30 మంది, అంతకు పైన ఉన్న యూనిట్ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని పెట్టుకోవాల్సిందే, మనలా తక్కువమంది ఉన్నవాళ్లకి అది ఇష్టం మీద. పెట్టుకుంటే స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1,500 దాకా కేంద్రం ఇస్తుంది. పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, కాంట్రాక్ట్ అప్‌లోడ్, అన్నీ పక్కన కూర్చుని చేయించాడు. నేను తీసుకున్న పిల్లల్లో ఒకడు ఇప్పుడు రాత్రి షిఫ్ట్ చూసుకుంటున్నాడు.

స్థానికులకే ఉద్యోగాలు అన్న చట్టాల గురించి కూడా మీటింగుల్లో వాదన నడుస్తూ ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేశారు. హర్యానా కూడా 75 శాతమే పెడితే 2023 నవంబరులో హైకోర్టు కొట్టేసింది. కర్ణాటకలో 2024 జులైలో క్యాబినెట్ బిల్లుకి ఓకే చెప్పిన రోజుల వ్యవధిలోనే ఐటీ కంపెనీలూ, వాటి సంఘం నాస్కామ్ గట్టిగా అనేసరికి పక్కన పెట్టారు. నాస్కామ్ ఒక్క ప్రకటనతో సాధించినది చిన్న పరిశ్రమల సంఘాలు పది వినతిపత్రాలతో సాధించలేవు, అది బలం తేడా. మా ఏరియాలో హెల్పర్లు ఎక్కువమంది బిహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లే, శాతం పెడితే మూతపడతాం అన్నది నిజమే. కానీ మన పిల్లలు ఎందుకు రావట్లేదో కూడా సంఘం ఆలోచించాలి కదా. రాత్రి షిఫ్ట్ అయ్యాక బస్సు ఉండదు, అమ్మాయిలకైతే హాస్టల్ లేదు, చాలా షెడ్లలో సరైన టాయిలెట్ కూడా లేదు. ఈ ఊళ్లోనే ఎలీప్ ఉంది, 1993లో మహిళా పారిశ్రామికవేత్తలు పెట్టుకున్న సంఘం. గాజులరామారంలో ఏకంగా ఆడవాళ్ల కోసమే ఇండస్ట్రియల్ ఎస్టేట్ కట్టుకున్నారు. ప్రభుత్వాన్ని స్థలం అడిగారు, తెచ్చుకున్నారు, షెడ్లు లేపారు. మా సంఘం వర్కర్ల హాస్టల్ కోసం ఒక ఎకరం అడిగిన దాఖలా నాకు కనబడలేదు.

సేవ నాణ్యత సంగతి చెప్పాలంటే, ఫోన్ చేస్తే ఎత్తుతారు, మెయిల్‌కి జవాబు ఆలస్యం. వాట్సాప్ గ్రూపులో అసలు సమాచారం మంత్రిగారికి బొకే ఇచ్చిన ఫోటోల మధ్య కొట్టుకుపోతుంది. ఇచ్చిన వినతిపత్రం పూర్తి కాపీ సభ్యులకి పంపరు, ఫోటో పంపుతారు. ఆఫీసుకి వెళ్లి అడిగితే ఇస్తారు, అందుకే నేను వెళ్లి అడుగుతాను. రాష్ట్ర స్థాయి ఫెడరేషన్‌లో నేరుగా చేరాలా అని కూడా అడుగుతుంటారు. ఎఫ్‌టీసీసీఐ (తెలంగాణ వాణిజ్య, పరిశ్రమల మండళ్ల సమాఖ్య) లాంటిది 1917 నుంచి ఉంది, పన్నుల మీద, ఎగుమతుల మీద వాళ్ల దగ్గర ఉన్నంత అవగాహన ఏరియా సంఘాలకి ఉండదు. ఎగుమతులు చేసేవాళ్లు, హెచ్‌టీ కనెక్షన్ ఉన్నవాళ్లు అది కూడా చూసుకోండి. మురుగు కాలువ పొంగినా, ట్రాన్స్‌ఫార్మర్ పేలినా, బాకీ ఉత్తరం కావాలన్నా మాత్రం ఏరియా సంఘమే పలుకుతుంది.

ఈ ఏడాది కూడా రెన్యువల్ కట్టాను. సర్వసభ్య సమావేశం అజెండాలో పెట్టమని ఈఎస్ఐ పరిమితి పెంపు, ఎల్‌టీ ఫిక్స్‌డ్ ఛార్జీలు, వినతిపత్రాల కాపీలు సభ్యులందరికీ పంపడం, ఈ మూడూ రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకున్నాను. మాటల్లో చెబితే మినిట్స్‌లోకి ఎక్కదు. మీరూ చేరితే మొదటి రోజే అలవాటు చేసుకోండి. ఫారంతో పాటు ఉద్యం, జీఎస్టీ సర్టిఫికెట్లు, కరెంటు బిల్లు కాపీ, ఇద్దరు పాత సభ్యుల సంతకాలు అడుగుతారు. ఏడాది మధ్యలో చేరినా చందా పూర్తిగా తీసుకుంటారు కాబట్టి ఏప్రిల్‌లో చేరడం మేలు. కరెంటు విచారణలకి మీ బిల్లులు పనికిరావాలంటే మాత్రం నవంబరులోపే లోపల ఉండాలి.